మూత వేసినా బ్యాటరీ దిగిపోతోందా? లైనక్స్‌లో హైబర్నేట్ సంగతులు

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం హైబర్నేట్ గురించే. కమాండ్లను తెలుగు అక్షరాల్లోనే అచ్చు వేస్తున్నాం. టెర్మినల్‌లో వాటిని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టండి. పెద్ద అక్షరాలు కావలసిన చోట విడిగా చెప్పాం.

ప్రశ్న: ఉబుంటు 24.04 వాడుతున్నాను, ర్యామ్ 16 జీబీ. రాత్రి మూత వేసి పడుకుంటే పొద్దునకి బ్యాటరీ సగం ఖాళీ. మెనూలో హైబర్నేట్ లేదు. టెర్మినల్‌లో ప్రయత్నిస్తే తగినంత స్వాప్ స్పేస్ లేదంటోంది. స్వాప్ 4 జీబీ ఉంది మరి! (డిగ్రీ విద్యార్థిని, గుంటూరు)

మూత వేసినప్పుడు జరిగేది సస్పెండ్. అందులో ర్యామ్‌కి కరెంటు అందుతూనే ఉంటుంది. కొత్త ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఎస్3 అనే పాత గాఢనిద్ర తీసేశారు, ఎస్2ఐడిల్ అనే తేలికనిద్ర ఒక్కటే మిగిలింది. మీ దాంట్లో ఏముందో చూడాలంటే ‘క్యాట్ /సిస్/పవర్/మెమ్_స్లీప్’ అని కొట్టండి. ‘డీప్’ అనే మాట కనిపించకపోతే మీ మెషిన్‌కి ఎస్3 లేదు. అలాంటి మెషిన్‌కి హైబర్నేట్ నిజంగా అవసరం. హైబర్నేట్‌లో ర్యామ్‌లో ఉన్నదంతా డిస్కు మీద రాసేసి మెషిన్ పూర్తిగా ఆగిపోతుంది, కాబట్టి వారం తర్వాత తెరిచినా బ్యాటరీ దాదాపు అలాగే ఉంటుంది.

రాయడానికి చోటు కావాలి. ఆ చోటు స్వాప్. సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను, నిద్రను నడిపించే ప్రోగ్రాము) హైబర్నేట్‌కి ఒప్పుకునే ముందు, ఆ క్షణంలో ప్రోగ్రాములు చురుగ్గా వాడుతున్న మెమరీ ఖాళీ స్వాప్‌లో పడుతుందా అని లెక్క చూస్తుంది. అందుకే 4 జీబీ స్వాప్‌తో పొద్దున పనిచేసిన హైబర్నేట్, సాయంత్రం బ్రౌజర్‌లో ముప్పై ట్యాబులు తెరిచాక మొండికేస్తుంది. కెర్నెల్ (సిస్టమ్ గుండెకాయ లాంటి ప్రోగ్రాము) తయారుచేసే ఇమేజ్, అంటే డిస్కు మీద రాసే ర్యామ్ నకలు, మామూలుగా ర్యామ్‌లో అయిదింట రెండు వంతులకి మించకుండా చూసుకుంటుంది, అంటే మీకు సుమారు 6.4 జీబీ. కానీ ఇమేజ్ అంత చిన్నగా కుదరాలంటే మిగతా పేజీలను ముందు స్వాప్‌లోకి తోసేయాలి, వాటికీ చోటు కావాలి. కాబట్టి కాపీనం చేయకండి, ర్యామ్ ఎంతో స్వాప్ అంత పెట్టుకోండి.

‘స్వాప్‌ఆన్ --షో’ కొడితే మీకు /స్వాప్.ఐఎంజీ అనే ఫైలు కనిపిస్తుంది. రూట్ పార్టిషన్‌లో పదహారు జీబీకి పైగా ఖాళీ ఉందో లేదో చూసుకుని, బ్రౌజర్ మూసేసి, ఈ వరుసలో వెళ్లండి:

సుడో స్వాప్‌ఆఫ్ /స్వాప్.ఐఎంజీ
సుడో డీడీ ఐఎఫ్=/డెవ్/జీరో ఓఎఫ్=/స్వాప్.ఐఎంజీ బీఎస్=1ఎం కౌంట్=16384 స్టేటస్=ప్రోగ్రెస్
సుడో సీహెచ్‌మోడ్ 600 /స్వాప్.ఐఎంజీ
సుడో ఎంకేస్వాప్ /స్వాప్.ఐఎంజీ
సుడో స్వాప్‌ఆన్ /స్వాప్.ఐఎంజీ

‘1ఎం’లో ఎం పెద్ద అక్షరం. డీడీ కొట్టేముందు ‘ఓఎఫ్=’ తర్వాత ఉన్నది రెండుసార్లు చదువుకోండి. అక్కడ పొరపాటున డిస్కు పేరు పడితే డిస్కే తుడిచిపెట్టుకుపోతుంది. ఎఫ్‌స్టాబ్‌లో (బూట్ అయినప్పుడు ఏయే డిస్కులు, స్వాప్‌లు ఎక్కించాలో రాసి ఉండే ఫైలు) ఈ ఫైలు వరుస ముందునుంచే ఉంటుంది కాబట్టి దాన్ని ముట్టుకోనక్కర్లేదు.

ఇక్కడితో సగం పనే అయింది. మెషిన్ మళ్లీ ఆన్ అయినప్పుడు ఫైల్‌సిస్టమ్ ఇంకా మౌంట్ కాదు, ఫైలు పేరు చెబితే కెర్నెల్‌కి అర్థం కాదు. ఏ పార్టిషన్, దాంట్లో ఎన్నో బ్లాకు అన్న రెండు ముక్కలూ విడిగా చెప్పాలి. మొదటి ముక్కకి:

ఫైండ్‌ఎంఎన్‌టీ -ఎన్ఓ యూయూఐడీ -టీ /స్వాప్.ఐఎంజీ

ఇందులో యూయూఐడీ (పార్టిషన్‌కి ఉండే ప్రత్యేక గుర్తు) అన్న మాటా, దాని తర్వాతి ‘-టీ’ కూడా పెద్ద అక్షరాలు. రెండో ముక్కకి:

సుడో ఫైల్‌ఫ్రాగ్ -వీ /స్వాప్.ఐఎంజీ

పట్టిక వస్తుంది. ‘0:’ అని మొదలయ్యే మొట్టమొదటి వరుసలో ‘ఫిజికల్_ఆఫ్‌సెట్’ నిలువుగడి కింద 38912.. అన్నట్టు ఒక అంకె, దాని వెంట రెండు చుక్కలు ఉంటాయి. చుక్కలకు ముందున్న అంకె మాత్రమే మనకి కావాలి. కింద ఇంకా పది, ఇరవై వరుసలు ఉన్నా కంగారుపడకండి. ఫైలు ముక్కలుగా పరుచుకున్నా ఫర్వాలేదు, దాని తల ఎక్కడుందో తెలిస్తే మిగతా దారి కెర్నెల్ అక్కడినుంచే పట్టుకుంటుంది.

గ్రబ్ అంటే బూట్ అయ్యేటప్పుడు కెర్నెల్‌ని ఎక్కించే ప్రోగ్రాము. ఇప్పుడు దాని /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్ ఫైలు తెరిచి, ‘క్వయిట్ స్ప్లాష్’ అని ఉన్న వరుసలో కొటేషన్ గుర్తులు మూసేలోపే ‘రెజ్యూమ్=యూయూఐడీ=’ వెంట మొదటి ముక్క, ఒక ఖాళీ వదిలి ‘రెజ్యూమ్_ఆఫ్‌సెట్=’ వెంట రెండో ముక్క చేర్చండి. యూయూఐడీ ఇక్కడా పెద్ద అక్షరాలే. తర్వాత /ఈటీసీ/ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్-టూల్స్/కాన్ఫ్.డీ/రెజ్యూమ్ అనే ఫైలులో ‘రెజ్యూమ్=యూయూఐడీ=’ వెంట మొదటి ముక్క ఉన్న వరుస ఒక్కటే రాయండి, ఇందులో రెజ్యూమ్ కూడా పెద్ద అక్షరాల్లోనే. చివరగా:

సుడో అప్‌డేట్-గ్రబ్
సుడో అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ -యూ -కే ఆల్

రీబూట్ చేసి, ఒక టెక్స్ట్ ఎడిటర్‌లో నాలుగు మాటలు రాసి సేవ్ చేయకుండా వదిలి, ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ హైబర్నేట్’ కొట్టండి. పవర్ బటన్ నొక్కాక ఆ నాలుగు మాటలూ అలాగే ఉంటే పని అయినట్టే. మొదటి నిమిషం బ్రౌజర్ నత్తనడక నడుస్తుంది. స్వాప్‌లోకి తోసిన పేజీలు ఒక్కొక్కటే వెనక్కి రావాలి కదా, అది లోపం కాదు.

మెనూలో హైబర్నేట్ లేకపోవడం వేరే సంగతి. 12.04 నుంచీ ఉబుంటు దీన్ని మూసే ఉంచుతోంది. మామూలు యూజర్‌కి అనుమతి కావాలంటే /ఈటీసీ/పోల్‌కిట్-1/రూల్స్.డీ ఫోల్డర్‌లో ఒక రూల్ ఫైలు పెట్టి, ‘ఓఆర్‌జీ.ఫ్రీడెస్క్‌టాప్.లాగిన్1.హైబర్నేట్’ అనే పనికి ఎస్ (అవును) అని జవాబిచ్చేలా రాయాలి. గ్నోమ్‌లో (ఉబుంటుతో మామూలుగా వచ్చే డెస్క్‌టాప్) బటన్ కనపడాలంటే దానికి తోడు ఒక ఎక్స్‌టెన్షన్ కూడా కావాలి. ముందు సుడోతో నాలుగైదు సార్లు నమ్మకంగా పనిచేశాకే ఈ బటన్ జోలికి వెళ్లండి.

ప్రశ్న: ఇవన్నీ చేశాను. ఆగడం చక్కగా ఆగుతోంది, డిస్కు లైటు కాసేపు మెరిసి మెషిన్ ఆరిపోతోంది. ఆన్ చేస్తే మాత్రం కొత్తగా బూట్ అవుతోంది, తెరిచినవేవీ ఉండవు. (నిజామాబాద్)

ఇమేజ్ రాయడం సరిగానే ఉంది, తిరిగి వచ్చేటప్పుడు దాని చిరునామా దొరకలేదు. ఈ ఫిర్యాదులో మూడు తప్పులే మళ్లీ మళ్లీ కనిపిస్తాయి.

ఎక్కువమంది పడే గుంట ఇది: ఎంకేస్వాప్ కమాండ్ పూర్తయ్యాక తెరమీద ఒక యూయూఐడీ వేస్తుంది. చేతికి దొరికింది కదా అని దాన్నే గ్రబ్‌లో పెట్టేస్తారు. అది స్వాప్ ఫైలు సొంత గుర్తు. మనకి కావలసింది ఆ ఫైలు కూర్చున్న పార్టిషన్ గుర్తు, అంటే ఫైండ్‌ఎంఎన్‌టీ చెప్పినది. స్వాప్‌కి విడిగా పార్టిషన్ ఉన్నవాళ్లకి మాత్రమే స్వాప్ యూయూఐడీ పెట్టాలి, వాళ్లకి ఆఫ్‌సెట్ అక్కర్లేదు.

రెండోది: ఆఫ్‌సెట్ తీసుకున్నాక స్వాప్ ఫైలుని చెరిపి మళ్లీ తయారుచేయడం. సైజు పెంచుదామని ఫైలు మార్చిన ప్రతిసారీ అంకె మారొచ్చు. ఫైల్‌ఫ్రాగ్ మళ్లీ నడిపి, గ్రబ్‌లో దిద్ది, అప్‌డేట్-గ్రబ్ మళ్లీ కొట్టాలి.

మూడోది: గ్రబ్ ఫైలు దిద్ది అప్‌డేట్-గ్రబ్ మరిచిపోవడం. ‘క్యాట్ /ప్రాక్/సీఎండీలైన్’ కొట్టి చూడండి. అక్కడ రెజ్యూమ్ మాట కనపడకపోతే మీరు రాసినది కెర్నెల్ దాకా చేరనే లేదు.

ప్రతిసారీ మెషిన్ ఆర్పి వెలిగించకుండా, ఇమేజ్ రాయడం, చదవడం పరీక్షించే దారి కూడా ఉంది. ‘సుడో -ఐ’తో రూట్‌గా మారి ‘ఎకో టెస్ట్_రెజ్యూమ్ > /సిస్/పవర్/డిస్క్’ అనీ, తర్వాత ‘ఎకో డిస్క్ > /సిస్/పవర్/స్టేట్’ అనీ కొట్టండి. ఇమేజ్ రాసి, పవర్ తీయకుండానే దాన్ని మళ్లీ చదువుకుని మీ డెస్క్‌టాప్‌కి వస్తుంది. ఇది నెగ్గి అసలు హైబర్నేట్ ఓడితే తప్పు గ్రబ్‌లోనో, ఇనిట్‌రామ్‌ఎఫ్ఎస్ (బూట్ మొదట్లో ర్యామ్‌లోకి ఎక్కే చిన్న సిస్టమ్)లోనో ఉంది. ఇదే ఓడితే డ్రైవర్ల వైపు వెతకాలి.

డిస్కు ఎన్‌క్రిప్ట్ చేసుకున్నవాళ్లు ఇంకొకటి చూసుకోండి. /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్‌లో స్వాప్ వరుస పక్కన /డెవ్/యూర్యాండమ్ అని ఉంటే, ప్రతి బూట్‌కీ కొత్త తాళం పుడుతుంది. పాత తాళంతో రాసిన ఇమేజ్‌ని కొత్త తాళంతో తెరవడం కుదరదు. స్వాప్‌ని పాస్‌ఫ్రేజ్ ఉన్న అదే ఎన్‌క్రిప్టెడ్ డిస్కు లోపలికి మార్చుకోవాలి.

ప్రశ్న: మా మెషిన్‌లో హైబర్నేట్ కొట్టగానే కెర్నెల్ లాగ్‌లో ‘లాక్‌డౌన్… హైబర్నేషన్ ఈజ్ రెస్ట్రిక్టెడ్’ అని వస్తోంది. (హైదరాబాద్)

బయోస్‌లో సెక్యూర్ బూట్ (సంతకం ఉన్న కెర్నెళ్లనే నడవనిచ్చే ఏర్పాటు) ఆన్‌లో ఉంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ కెర్నెళ్లు సెక్యూర్ బూట్ చూడగానే లాక్‌డౌన్‌లోకి, అంటే కెర్నెల్‌ని మార్చే దారులన్నీ మూసుకునే స్థితిలోకి వెళ్తాయి. ‘క్యాట్ /సిస్/కెర్నెల్/సెక్యూరిటీ/లాక్‌డౌన్’ కొడితే ‘ఇంటెగ్రిటీ’ అనే మాట చుట్టూ చదరపు బ్రాకెట్లు కనిపిస్తాయి. దీని వెనుక న్యాయమైన కారణమే ఉంది: డిస్కు మీద పడున్న ఇమేజ్‌ని ఎవరైనా మార్చేస్తే, మెషిన్ మేలుకున్నప్పుడు ఆ దొంగ కోడే కెర్నెల్‌గా నడుస్తుంది. ఇమేజ్ మీద సంతకం సరిచూసే ఏర్పాటు లేదు కాబట్టి హైబర్నేట్‌నే ఆపేశారు.

సొంత ల్యాప్‌టాప్ అయితే, డిస్కు మొత్తం ఎన్‌క్రిప్ట్ చేసి ఉంటే, సెక్యూర్ బూట్ ఆపేయడం మా దృష్టిలో సరైన బేరమే. విండోస్ కూడా అదే మెషిన్‌లో ఉంటే తొందరపడకండి. సెక్యూర్ బూట్ మారిందని గమనించిన బిట్‌లాకర్ (విండోస్ డిస్కు ఎన్‌క్రిప్షన్) 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. దాన్ని ముందే కాగితం మీద రాసిపెట్టుకోండి. ఆఫీసు ల్యాప్‌టాప్ అయితే ఐటీ విభాగాన్ని అడగకుండా బయోస్ ముట్టుకోవద్దు. మీ మెషిన్‌లో ‘డీప్’ నిద్ర ఉంటే గ్రబ్‌లో ‘మెమ్_స్లీప్_డిఫాల్ట్=డీప్’ చేర్చి, హైబర్నేట్ లేకుండా సరిపెట్టుకోవడం కూడా మంచి దారే.

ప్రశ్న: ఫెడోరాలో 8 జీబీ స్వాప్ ముందే ఉంది. అయినా హైబర్నేట్ కాదు. (డాలస్)

ఆ 8 జీబీ డిస్కు మీద లేదు. పేరు చూడండి, /డెవ్/జడ్‌ర్యామ్0. ఫెడోరా 33 నుంచి స్వాప్‌ని ర్యామ్‌లోనే కుదించి పెడుతున్నారు. పవర్ పోతే అదీ పోతుంది, అందులో ఇమేజ్ దాచలేం. దాన్ని తీసేయనక్కర్లేదు, పక్కనే డిస్కు మీద ఇంకో స్వాప్ పెట్టండి. జడ్‌ర్యామ్ ప్రాధాన్యం ఎక్కువ కాబట్టి రోజువారీ పనికి అదే వాడుకలో ఉంటుంది.

ఫెడోరా వర్క్‌స్టేషన్ ఫైల్‌సిస్టమ్ బీటీఆర్ఎఫ్ఎస్. ఇక్కడ ఉబుంటు పద్ధతి పెట్టకండి, ముఖ్యంగా ఫైల్‌ఫ్రాగ్. బీటీఆర్ఎఫ్ఎస్‌లో అది చూపే అంకె డిస్కు మీది అసలు చోటు కాదు. ఇలా చేయండి:

సుడో బీటీఆర్ఎఫ్ఎస్ సబ్‌వాల్యూమ్ క్రియేట్ /స్వాప్
సుడో బీటీఆర్ఎఫ్ఎస్ ఫైల్‌సిస్టమ్ ఎంకేస్వాప్‌ఫైల్ --సైజ్ 16జీ /స్వాప్/స్వాప్‌ఫైల్
సుడో స్వాప్‌ఆన్ /స్వాప్/స్వాప్‌ఫైల్
సుడో బీటీఆర్ఎఫ్ఎస్ ఇన్‌స్పెక్ట్-ఇంటర్నల్ మ్యాప్-స్వాప్‌ఫైల్ -ఆర్ /స్వాప్/స్వాప్‌ఫైల్

చివరిది ఒక్క అంకె ఇస్తుంది, అదే ఆఫ్‌సెట్. విడి సబ్‌వాల్యూమ్ (బీటీఆర్ఎఫ్ఎస్‌లో విడిగా నిలిచే భాగం) ఎందుకంటే, వాడుకలో ఉన్న స్వాప్ ఫైలు ఏ సబ్‌వాల్యూమ్‌లో ఉంటే దానికి స్నాప్‌షాట్ (ఆ క్షణపు నకలు) తీయడం కుదరదు. రూట్‌లోనే పెట్టేస్తే మీ బ్యాకప్‌లు ఆగిపోతాయి. ఇంకో మూడు పనులు మిగిలాయి. ఎఫ్‌స్టాబ్‌లో ఫైలు వరుస చేర్చండి. ఎస్ఈలైనక్స్ (ఫెడోరాలోని భద్రతా కాపలా) అడ్డుపడకుండా సెమేనేజ్‌తో ఆ ఫైలుకి ‘స్వాప్‌ఫైల్_టీ’ లేబుల్ ఇచ్చి రీస్టోర్‌కాన్ నడపండి. /ఈటీసీ/డ్రాకట్.కాన్ఫ్.డీ ఫోల్డర్‌లో ఒక కాన్ఫ్ ఫైలు పెట్టి, ‘యాడ్_డ్రాకట్‌మాడ్యూల్స్+=’ వెంట కొటేషన్లలో రెజ్యూమ్ అని, దానికి రెండు పక్కలా ఒక్కో ఖాళీ వదిలి రాసి, ‘సుడో డ్రాకట్ -ఎఫ్’ కొట్టండి. కెర్నెల్ మాటలు చేర్చడానికి ఇక్కడ గ్రబ్బీ ఉంది: ‘సుడో గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నెల్=ఆల్ --ఆర్గ్స్=’ వెంట కొటేషన్లలో రెజ్యూమ్, ఆఫ్‌సెట్ రెండూ పైన ఉబుంటుకి చెప్పిన రూపంలోనే ఇవ్వండి. ‘ఆల్’ పెద్ద అక్షరాలు.

ప్రశ్న: విండోస్, లైనక్స్ రెండూ ఉన్నాయి. లైనక్స్‌ని హైబర్నేట్‌లో పెట్టి విండోస్‌లోకి వెళ్లొచ్చా? (కాకినాడ)

వెళ్లొచ్చు, కానీ ఈ జవాబు నిదానంగా చదవండి. ఇందులో పొరపాటు జరిగితే పోయేది మీ ఫైళ్లే.

హైబర్నేట్ అయిన లైనక్స్ దృష్టిలో, తాను మౌంట్ చేసుకున్న ప్రతి పార్టిషనూ తాను వదిలినట్టే ఉంటుంది. ఏ ఫోల్డర్ ఎక్కడుందో ఆ చిట్టా అంతా ఇమేజ్‌లోనే ఉంది. మధ్యలో విండోస్ వచ్చి, రెండింటికీ ఉమ్మడిగా పెట్టుకున్న డేటా పార్టిషన్‌లో పాటలు కాపీ చేసిందనుకోండి. లైనక్స్ మేలుకుని తన పాత చిట్టా ప్రకారమే రాయడం మొదలుపెడుతుంది, పార్టిషన్ చెడిపోతుంది. కాబట్టి హైబర్నేట్‌కి ముందు ఉమ్మడి పార్టిషన్‌ని, పెన్‌డ్రైవ్‌ని, బయటి హార్డ్‌డిస్కుని అన్‌మౌంట్ చేయండి.

తిరగేసి చూస్తే ఇదే ప్రమాదం విండోస్ వైపు నుంచీ ఉంది. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే విండోస్ షట్‌డౌన్ అన్నా నిజానికి సగం హైబర్నేటే. అడ్మినిస్ట్రేటర్ కమాండ్ ప్రాంప్ట్‌లో ‘పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్’ కొట్టి దాన్ని తీసేయండి.

లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, హైబర్నేట్‌లో ఉన్న లైనక్స్ పార్టిషన్‌ని ‘చూడ్డానికే కదా’ అని రీడ్-ఓన్లీగా తెరిచేవాళ్లున్నారు. అదీ వద్దు. ఈఎక్స్‌టీ4ని రీడ్-ఓన్లీగా మౌంట్ చేసినా మిగిలిపోయిన జర్నల్‌ని (ఇంకా పూర్తికాని రాతల చిట్టా) డిస్కు మీద రాస్తుంది. ఇప్పటికే అలా జరిగిపోయి ఉంటే ఆ ఇమేజ్‌ని ఇక మేల్కొలపకండి. గ్రబ్ తెర మీద ఇంగ్లిష్ ‘ఈ’ అక్షరం నొక్కి, ‘లైనక్స్’ అని మొదలయ్యే వరుస చివర ‘నోరెజ్యూమ్’ చేర్చి బూట్ చేయండి. సేవ్ చేయని పని పోతుంది, పార్టిషన్ దక్కుతుంది.

ప్రశ్న: మేలుకుంటుంది, కానీ తెర నల్లగా ఉంటుంది. ఎన్‌విడియా కార్డు. (బెంగళూరు)

కార్డు సొంత మెమరీలో ఉన్న బొమ్మలు మామూలుగా ఇమేజ్‌లోకి రావు. ఎన్‌విడియా సొంత డ్రైవర్ వాడుతుంటే ‘సుడో సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్’ వెంట ఎన్‌విడియా-హైబర్నేట్, ఎన్‌విడియా-రెజ్యూమ్ సర్వీసులు రెండూ ఆన్ చేయండి. /ఈటీసీ/మోడ్‌ప్రోబ్.డీలో ‘ప్రిజర్వ్ వీడియో మెమరీ అలొకేషన్స్’ అనే ఆప్షన్‌ని 1 చేయండి, డ్రైవర్‌తో వచ్చే పవర్ మేనేజ్‌మెంట్ పత్రంలో దాని పూర్తి స్పెల్లింగ్ ఉంటుంది. ఆ మెమరీని తాత్కాలికంగా దాచే చోటుగా /వర్/టీఎంపీ ఇవ్వండి. /టీఎంపీ ర్యామ్‌లోనే ఉండే సిస్టమ్‌లో అది పనికిరాదు.

మేలుకున్నాక వైఫై పోయేవాళ్లకి: /యూఎస్ఆర్/లిబ్/సిస్టమ్‌డీ/సిస్టమ్-స్లీప్ ఫోల్డర్‌లో ఒక చిన్న స్క్రిప్టు పెట్టండి. సిస్టమ్‌డీ దాన్ని నిద్రకి ముందు ‘ప్రీ’ అనీ, తర్వాత ‘పోస్ట్’ అనీ పిలుస్తుంది. ప్రీలో వైఫై మాడ్యూల్‌ని ‘మోడ్‌ప్రోబ్ -ఆర్’తో తీసేసి, పోస్ట్‌లో మళ్లీ ఎక్కించండి. స్క్రిప్టుకి ఎగ్జిక్యూట్ అనుమతి ఇవ్వకపోతే అది నడవదు.

ప్రశ్న: మూత వేస్తే కాసేపు సస్పెండ్, ఆ తర్వాత దానంతటదే హైబర్నేట్ అయ్యేలా పెట్టొచ్చా? ఎస్ఎస్‌డీ త్వరగా అరిగిపోదా? (వరంగల్)

పెట్టొచ్చు, మేం సిఫార్సు చేసే అమరిక కూడా అదే. /ఈటీసీ/సిస్టమ్‌డీ/లాగిన్‌డీ.కాన్ఫ్‌లో ‘హ్యాండిల్ లిడ్ స్విచ్’ విలువగా ‘సస్పెండ్-దెన్-హైబర్నేట్’, స్లీప్.కాన్ఫ్‌లో ‘హైబర్నేట్ డిలే సెక్’ విలువగా 45మిన్ ఇవ్వండి. ఈ రెండు పేర్లలో ప్రతి మాట మొదటి అక్షరం పెద్దది, మధ్యలో ఖాళీలుండవు. మార్చాక రీబూట్ చేయండి. కేడీఈ (ఇంకో డెస్క్‌టాప్) వాడేవాళ్లు మూత సంగతి కేడీఈ పవర్ సెట్టింగ్స్‌లోనే మార్చుకోవాలి.

45 నిమిషాలయ్యాక మెషిన్ ఒక్కసారి మేలుకుని ఇమేజ్ రాసి ఆరిపోతుంది. ఆ మేలుకోవడం బ్యాగులో ఉండగా జరిగి, హైబర్నేట్ ఓడిపోతే, మెషిన్ లోపల వేడెక్కే ప్రమాదం ఉంది. అందుకే మొదట డిలే 2మిన్ పెట్టి, బల్ల మీదే ఉంచి, నాలుగైదు సార్లు చూసుకున్నాకే బ్యాగులో పెట్టండి.

అరుగుదల గురించి: 16 జీబీ ర్యామ్ మెషిన్ రోజూ ఒకసారి హైబర్నేట్ అయితే, ఇమేజ్‌ని కుదించకుండా లెక్కేసినా, ఏడాదికి రాసేది సుమారు 2.3 టీబీ. నిజానికి కెర్నెల్ కుదించే రాస్తుంది. 512 జీబీ ఎస్ఎస్‌డీలకి కంపెనీలు సాధారణంగా 150 టీబీ, అంతకు పైనే రాతల హామీ ఇస్తాయి. ఈ భయంతో హైబర్నేట్ మానుకోనక్కర్లేదు.

ప్రశ్న: ఓపెన్‌బీఎస్‌డీలో ఇంత తతంగం ఉంటుందా? (విశాఖపట్నం)

ఉండదు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడే స్వాప్ పార్టిషన్, అంటే డిస్కులో ‘బీ’, ర్యామ్ కంటే కాస్త పెద్దగా పెట్టుకోండి. ‘ఆర్‌సీసీటీఎల్ ఎనేబుల్ ఏపీఎండీ’, ‘ఆర్‌సీసీటీఎల్ స్టార్ట్ ఏపీఎండీ’ కొట్టి, ఆ తర్వాత ‘జడ్‌జడ్‌జడ్’ అని మూడూ పెద్ద అక్షరాల్లో కొడితే హైబర్నేట్ అవుతుంది. చిన్న అక్షరాల్లో కొడితే సస్పెండ్. ఓపెన్‌బీఎస్‌డీ ప్రతి బూట్‌కీ కెర్నెల్‌ని కొత్తగా లింక్ చేస్తుంది కాబట్టి, నడుస్తున్న కెర్నెల్‌ని /బీఎస్‌డీ.బూటెడ్ పేరుతో దాచుకుని, మేలుకునేటప్పుడు దాన్నే ఎక్కిస్తుంది. ఆ ఫైలుని చెరపకండి. ఫ్రీబీఎస్‌డీలో మాత్రం డిస్కు మీదికి నిద్రపోయే ఏర్పాటు సిస్టమ్‌లో లేదు, అక్కడ సస్పెండ్‌తోనే సరిపెట్టుకోవాలి.